రెండు చిన్న తప్పులు

ఉద్యోగం మానేసే మనిషి ఎలా ఉండాలో ఆఫీసుల్లో అందరికీ ఒక అంచనా ఉంటుంది. కోపంతో ఊగిపోతూనన్నా ఉండాలి, జేబులో ఇంకో ఉద్యోగం కాగితం పెట్టుకుని ముసిముసి నవ్వులన్నా నవ్వుతుండాలి. చదువరి ఈ రెండు రకాల్లోనూ చేరలేదు. నెల మొదటి సోమవారం పొద్దున్న, జనం ఇంకా బల్లల మీద దుమ్ము దులుపుకుంటూ ఉండగానే, సూపరింటెండెంటు ముందు ఒక కాగితం పెట్టి పక్కన నిలబడ్డాడు. దాని మీద ఒకే ఒక్క వాక్యం ఉంది. ఈ నెలాఖరుతో ఉద్యోగం మానేస్తున్నాను, అని.

సూపరింటెండెంటు అది చదివి, మిగతాది వెనక ఉందేమోనని కాగితం తిరగేశాడు. వెనక ఏమీ లేదు.

"కారణం రాయలేదేంటండీ?"

"ఏం రాయమంటారు?"

"ఒంట్లో బాగోలేదా?"

"బాగానే ఉందండీ."

"ఇంకెక్కడైనా దొరికిందా?"

"లేదండీ."

"పోనీ, ఎక్కడైనా చూస్తున్నారా?"

"లేదండీ. చూడలేదు."

సూపరింటెండెంటు మంచి మనిషి. మంచివాళ్ళు చాలామందికి ఉండే జబ్బే ఆయనకీ ఉంది, ఎదుటివాళ్ళ బాధ తనకి ముందే తెలిసినట్టు మాట్లాడతాడు. గొంతు తగ్గించి, "మీ ఆవిడ పోయి నాలుగు నెలలేగా. ఇలాంటప్పుడు ఇంట్లో కూర్చుంటే పిచ్చెక్కుతుంది. ఇంకో నాలుగేళ్ళు కళ్ళు మూసుకుంటే మర్యాదగా రిటైరవుతారు. యాభై నాలుగేళ్ళవాణ్ణి బయట ఎవడు రమ్మంటాడు చెప్పండి?" అన్నాడు. చదువరి అన్నిటికీ తలకాయ ఊపాడు. ఊపి, "అది తీసుకోండి సార్" అని తన బల్ల దగ్గరికి వెళ్ళిపోయాడు.

అతని అసలు పేరు హాజరు పట్టీలో ఉంది కానీ, ఆ మేడ మీద అందరూ చదువరి అనే పిలుస్తారు. చేసే పని అది మరి. ఆ ఆఫీసు నిండా గదులకొద్దీ పాత కాగితాలు. ముట్టుకుంటే పొడి రాలే దస్తావేజులు, వీలునామాలు, ఎప్పటివో తగాదాల్లో సాక్ష్యంగా దాఖలైన సొంత ఉత్తరాలు. నకలు రాసేవాళ్ళు కొందరు వాటిని చూసి తెల్లకాగితాల మీద చేత్తో దించుతారు. దించింది అసలుతో సరిపోయిందో లేదో చూడాలి కదా, దానికి ఇద్దరు కావాలి. ఒకడు అసలు కాగితం చూసి పైకి చదువుతాడు. ఎదురుగా కూర్చున్నవాడు నకలు మీద వరస కింద స్కేలు పెట్టుకుని వింటాడు. ఈ రెండో ఆయన్ని అందరూ స్కేలాయన అంటారు. కామా వచ్చినచోట చదువరి 'కామా' అని పలుకుతాడు, చుక్క వచ్చినచోట 'చుక్క' అంటాడు, పేరా మారితే 'పేరా'. వరస సరిపోతే స్కేలాయన "ఊఁ" అంటాడు. తేడా వస్తే స్కేలుతో బల్ల మీద టక్కున కొడతాడు. ఇరవయ్యారేళ్ళుగా ఆ ఇద్దరూ మాట్లాడుకున్న మాటల్లో ముప్పాతిక భాగం ఇవే.

ఆ పనికి ఒక కిటుకుంది. చేరిన రోజునే అప్పటి పెద్ద గుమాస్తా చెప్పాడు. "అర్థం జోలికి పోకు నాయనా. అర్థం తెలిసిందంటే చచ్చామన్నమాటే. తప్పు కళ్ళెదురుగా ఉన్నా బుర్ర దాన్ని సర్దుకుని చదివేస్తుంది. అక్షరం చూడు, అక్షరం పలుకు, ముందుకు నడు." కుర్రతనంలో చదువరికి అది తలకెక్కలేదు. మొదటి రెండేళ్ళూ కాగితాల్లో మనుషులే కనిపించేవాళ్ళు, తప్పులు జారిపోయేవి, తిట్లు పడేవి. తరవాత పట్టు దొరికింది. కొడుకుని ఇంట్లోంచి వెళ్ళగొడుతూ తండ్రి రాసిన ఉత్తరమైనా, బిడ్డ పోయిన తల్లి పెట్టుకున్న అర్జీ అయినా, పొలం గట్ల కొలతలైనా ఒకటే గొంతుతో, ఒకటే వేగంతో చదవగలిగాడు. ఒక ఏడాది ప్రశంసాపత్రం కూడా ఇచ్చారు. అందులో ఒక అక్షరదోషం ఉంది. ఆయన చూసిందల్లా దాన్నే.

ఇలాంటి పనిని మెచ్చుకోవాలో జాలిపడాలో నాకైతే తెలియదు. మనిషిలోంచి మనిషిని కాస్త కాస్తగా తోడేసే పనులు లోకంలో చాలా ఉన్నాయి, అవన్నీ మర్యాదైన పనులే. పెళ్ళైన కొత్తలో ఈ చదువరే పెళ్ళానికి కథలు చదివి వినిపించేవాడు. దొంగ మాట్లాడితే దొంగలా, రాణి మాట్లాడితే రాణిలా. ఆవిడ కూరగాయలు తరుగుతూ పొట్ట చెక్కలయ్యేలా నవ్వేది. నాలుగేళ్ళు తిరిగేసరికి దొంగకీ రాణికీ ఒకటే గొంతు వచ్చేసింది. "మీ గొంతు ఆఫీసులో మరిచిపోయి వచ్చారు, రేపు తెచ్చుకోండి" అని ఆవిడ వేళాకోళం చేసింది. ఇంకొన్నాళ్ళకి చదవమనడం మానేసింది. ఇంట్లో మాటలన్నీ ఆవిడవి, ఊఁ కొట్టడం ఈయనది. కుళాయి కారుతోందన్నా ఊఁ, పిల్లకి మార్కులు బాగా వచ్చాయన్నా ఊఁ. ఆయనేం చెడ్డవాడు కాడు. కోప్పడడు, తాగడు, గడప దాటి అల్లరి చేయడు. అలాంటి మొగుడి మీద ఫిర్యాదు చేస్తే వినేవాళ్ళు కూడా నవ్వుతారు.

పని ఎక్కువైన రోజుల్లో నకలు కాగితాల కట్ట ఇంటికి తెచ్చుకునేవాడు. స్కేలాయనతో కూర్చోబోయే ముందు చిన్నచిన్న అక్షరదోషాలు ఏరేయడానికి. తప్పు చుట్టూ ఎర్ర సిరాతో సున్నా చుట్టి, పైన సరైన అక్షరం వేసి, పేజీ చివర ఒక టిక్కు, పొట్టి సంతకం, తేదీ. నకలు రాసేవాళ్ళలో ఆడా మగా పదిమంది దాకా ఉండేవాళ్ళు, పదిమందివీ పది రకాల దస్తూరీలు. ఎవరి చేతిరాత ఏదో ఆయన ఎప్పుడూ పట్టించుకోలేదు.

ఇక ఉద్యోగం ఎందుకు మానేశాడో చెబుతాను. ఆఫీసులో ఎవరికీ చెప్పలేదు కానీ మీకు తెలియాలి.

రాజీనామా ఇవ్వడానికి మూడు వారాల ముందు, ఒక ఆదివారం, భార్య బీరువా ఖాళీ చేస్తున్నాడు. బట్టలు ఎవరికైనా ఇచ్చేయమని కూతురు నెల రోజులుగా పోరుపెడుతోంది. బట్టలు తీసి, కింద అరలో పరిచిన పాత పేపరు మారుద్దామని ఎత్తితే, దాని కింద మడతపెట్టిన తెల్లకాగితం కనిపించింది. విప్పాడు. చేతిరాతతో నిండా ఒక పేజీ. రెండు చోట్ల ఎర్ర సున్నాలు. అడుగున టిక్కు, తన పొట్టి సంతకం, పద్నాలుగు నెలల కిందటి తేదీ.

ఆఫీసు కాగితం ఇంట్లో ఉండిపోయిందేంటని ముందు కంగారుపడ్డాడు. అప్పుడు పైన రెండు వరసలు చూశాడు. అది ఆఫీసుది కాదు. ఆవిడ తనకి రాసిన ఉత్తరం. చంక కింద గడ్డ ఉందని, పరీక్షకి వెళ్ళాలని, తోడు రమ్మని రాసింది. నోటితో చెబితే వినడని, కాగితమైతే తప్పకుండా చదువుతాడని, ఆయన తెచ్చుకున్న కట్టలో పైన పెట్టింది. ఆయన తప్పకుండానే చదివాడు. ఎవరో పెళ్ళాం ఎవరో మొగుడికి రాసిన పాత ఉత్తరానికి నకలనుకునేంత మాత్రం కూడా అనుకోలేదు. అక్షరాలు చూశాడు, రెండు తప్పులు దిద్దాడు, సంతకం పెట్టి తరవాతి కాగితం తీశాడు.

బీరువా ముందు నేల మీద కూలబడ్డాడు. మర్నాటి పొద్దున్న సంగతి అప్పుడు గుర్తొచ్చింది. మర్నాడంటే పద్నాలుగు నెలల కిందటి మర్నాడు. బూట్లు వేసుకుంటుంటే ఆవిడ భోజనం డబ్బా పట్టుకుని గుమ్మంలో నిలబడింది. "ఆ కట్టలోవన్నీ చదివారా?" అని అడిగింది. ఆవిడ ఆఫీసు సంగతి అడగడం వింతగానే అనిపించింది. "ఆఁ, అన్నీ చూశాను. రెండు చిన్న తప్పులు, అంతే" అన్నాడు. ఆవిడ డబ్బా ఇవ్వకుండా కాసేపు అలాగే నిలబడింది. టైమైపోతోందని ఆయనే చెయ్యి చాచి తీసుకున్నాడు. దిద్దిన కాగితాన్ని ఆవిడ అప్పటికే కట్టలోంచి తీసేసుకున్నట్టుంది.

ఆ గురువారం ఆవిడ ఒక్కతే వెళ్ళింది. పరీక్ష చేయించుకుంది, ఫలితం తెచ్చుకుంది, మళ్ళీ ఆస్పత్రి గడప తొక్కలేదు. ఐదు నెలల తరవాత వంటింట్లో పడిపోతే అప్పుడు తండ్రీకూతుళ్ళు మోసుకెళ్ళారు. "ఈవిడకి ముందే చెప్పాం కదా, వెంటనే చేరమని" అన్నాడు డాక్టరు. ఇద్దరూ నోరు వెళ్ళబెట్టారు. అడిగితే ఆవిడ గోడ వైపు తిరిగి పడుకుంది. మరో ఐదు నెలలు మంచం మీదే ఉండి కన్నుమూసింది. మొగుణ్ణి అడిగి చూసుకుంది, జవాబుగా టిక్కు వచ్చింది. ఇంకెవర్ని అడుగుతుంది పాపం.

కూతురికి ఇవేవీ తెలియవు. ఆ పిల్ల మందుల షాపులో పనిచేస్తుంది. పొద్దస్తమానం ఊరివాళ్ళ రోగాలు విని, డాక్టరు చీటీలు చదివి మందులు ఇస్తుంది. అలాంటి తనకి కన్నతల్లి ఒక్క ముక్క చెప్పకుండా ఐదు నెలలు దాచిందన్నది ఆమె గుండెల్లో ముల్లులా దిగబడిపోయింది. తల్లి పోయినప్పుడు కూడా కళ్ళు తడవలేదు. పళ్ళు బిగించి పనులన్నీ చక్కబెట్టింది. ఎవరైనా పరామర్శకి వచ్చి, "మహాతల్లి, ఎంత ఓర్పో" అంటే, "ఓర్పు కాదండీ, మొండితనం. మేం చచ్చామో బతికామో అక్కర్లేని మొండితనం" అనేది. వచ్చినవాళ్ళు ముక్కు మీద వేలేసుకునేవాళ్ళు. తండ్రితో కూడా అదే మాట. "మనం ఆవిడకి ఏమవుతాం నాన్నా? పరాయివాళ్ళమా?"

ఆ ప్రశ్నకి జవాబు ఇప్పుడు చదువరి జేబులో ఉంది. అది బయటికి తీస్తే తల్లి మీద కూతురి కోపం పోతుంది. పోయి ఎటు తిరుగుతుందో ఆయనకి తెలుసు. ఆయనకి లోకంలో మిగిలింది ఆ పిల్ల ఒక్కతే. తీయకపోతే ఆయన హాయిగా బతకొచ్చు, కూతురు మాత్రం చచ్చిపోయిన తల్లిని బతికున్నంతకాలం తిట్టుకుంటూ ఉంటుంది. చెప్పాలా, వద్దా. ఆ మూడు వారాలూ కాలుగాలిన పిల్లిలా ఇంట్లో తిరిగాడు. అన్నం ముందు కూర్చుని, "అమ్మా, నీకొకటి చెప్పాలి" అని రెండుసార్లు మొదలుపెట్టాడు. ఒకసారి కుళాయి సంగతి చెప్పి ఊరుకున్నాడు, రెండోసారి అదీ లేదు.

ఇంకో ఘోరం కూడా జరిగింది. ఆ ఉత్తరాన్ని బాత్రూంలో తలుపేసుకుని ఎన్నిసార్లు చదివినా లోపలికి దిగడంలేదు. మొదటి వరస మొదలవగానే పెదాల మీద కామాలు వచ్చేస్తున్నాయి. కళ్ళు జారుకుంటూ కిందికి పోతున్నాయి. ఏడుద్దామంటే ఏడుపు రావడం లేదు. పెళ్ళాం ప్రాణం పెట్టి రాసిన ఉత్తరం కూడా తనకి వరసలూ చుక్కలేనా అని భయం పట్టుకుంది. ఆఫీసులో దీనికి సరిగ్గా ఎదురు జరుగుతోంది. ఎవరో ముక్కూముఖం తెలియని ముసలమ్మ, తన వాటా గది లాక్కోవద్దని కొడుకుల్ని బతిమాలుతూ పెట్టుకున్న అర్జీ చదువుతూ, 'నేను ఎక్కడికి పోను' దగ్గర ఆగిపోయాడు. స్కేలాయన స్కేలు పైనున్న వరస వెతుక్కుని, "కామానా, చుక్కా?" అని అడిగాడు. చదువరి కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాడు. మర్నాడు ఆదివారం ఇంట్లో కూర్చుని రాజీనామా రాశాడు.

ఉద్యోగం మానేస్తే తన గొంతు తనకి తిరిగొస్తుందని, గొంతొచ్చాక కూతురికి చెప్పొచ్చని ఆయన అనుకున్నాడు. నిజం చెప్పాలంటే, ఆడాల్సిన మాట ఆడలేనివాళ్ళు ఇలాగే ఏదో పెద్ద పని నెత్తికెత్తుకుంటారు. ఇల్లు మారతారు, ఊరు మారతారు, ఉద్యోగం మానేస్తారు. మాట మాత్రం అక్కడే ఉంటుంది. ఆయనకీ లోలోపల ఇది తెలుసు, అయినా ఆ నెలంతా గడువు దొరికినట్టు ఊపిరి పీల్చుకున్నాడు.

చివరి రోజు సాయంత్రం స్కేలాయన చదువరిని మెట్ల దాకా సాగనంపాడు. ఇరవయ్యారేళ్ళు ఎదురెదురుగా కూర్చున్నారేగానీ పక్కపక్కన నడిచింది తక్కువ, ఇద్దరికీ అడుగులు కలవలేదు.

"రేపట్నుంచి నాకు కొత్త కుర్రాణ్ణి ఇస్తారట. ముక్కుతో చదువుతాడట" అన్నాడు స్కేలాయన.

"అలవాటవుతుందిలెండి."

"ఏం చేస్తారు ఇంట్లో?"

"తెలీదు."

"ఏదైనా చూసుకుని మానేయాల్సింది. మనకి ఇంకో పనేం వచ్చు? నేను గీత గీయడానికి కూడా పనికిరాను, స్కేలు పట్టుకుని వినడమొక్కటే వచ్చు." నవ్వబోయి ఆగి, "నా మీద కోపం ఏమీ లేదుగా? ఆ రోజు మీరు ఆగిపోతే కామానా అని అడిగాను. మీకు ఒంట్లో బాగోలేదేమో అని అడగాల్సింది. నోట్లోంచి అదే వచ్చింది" అన్నాడు.

చదువరి ఆయన భుజం మీద చెయ్యి వేశాడు. ఇన్నేళ్ళలో అది మొదటిసారి. "మీ తప్పేం లేదు" అన్నాడు. మెట్లు దిగుతుంటే కాళ్ళు తేలిగ్గా ఉంటాయనుకున్నాడు. ఎప్పట్లాగే ఉన్నాయి. బస్సులో కూర్చున్నాక, రేపు పొద్దున్న తను ఎక్కడా కూర్చోనక్కర్లేదని తట్టింది. యాభై నాలుగేళ్ళ మనిషి, చేతిలో పనిలేదు, వచ్చిన ఒక్క విద్య ఇంకెవరికీ అక్కర్లేనిది. సూపరింటెండెంటు అన్న మాటలన్నీ ఒకదాని వెనక ఒకటి బస్సెక్కి పక్కన కూర్చున్నాయి.

మర్నాడు అలవాటుకొద్దీ తెల్లారుజామునే మెలకువ వచ్చింది. స్నానం చేశాడు, ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు, వంటింట్లో బల్ల దగ్గర కూర్చున్నాడు. ఇంక చెయ్యడానికి ఏమీ లేదు. గోడ గడియారం టిక్కుటిక్కుమంటోంది. ఎదురింటివాళ్ళ బకెట్ల చప్పుడు, ఎవరో స్కూటరు స్టార్టు చెయ్యలేక పడే పాట్లు, ఇన్నేళ్ళూ ఈ వేళకి ఈ వీధిలో ఇవన్నీ జరుగుతున్నాయన్నమాట. కూతురికి ఆ రోజు షాపు సెలవు. నిద్రకళ్ళతో వచ్చి టీ పెట్టుకుంటూ, తండ్రిని చూసి ఉలిక్కిపడింది.

"ఆఫీసు టైమైపోలేదూ?"

"మానేశాను."

"ఇవాళా?"

"ఉద్యోగమే మానేశానమ్మా. నిన్నటితో సరి."

ఆమె గిన్నె పొయ్యి మీద నుంచి దించి, ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చుంది. ఇంకెక్కడైనా దొరికిందా అని అడగలేదు. ఆ ప్రశ్న అడగని మనిషి ఆమె ఒక్కతే. తండ్రి మొహంలోకి కాసేపు చూసి, చెయ్యి చాచి ఆయన చొక్కా కాలరు సర్దింది.

"మంచి పని చేశావు నాన్నా. ఆ ఆఫీసు నిన్ను పీల్చి పిప్పి చేసేసింది. నేను సంపాదిస్తున్నాగా, నువ్వు కొన్నాళ్ళు విశ్రాంతిగా ఉండు. పార్కుకి వెళ్ళు, పేపరు చదువు. అసలు నువ్వు ఈ ఐదు నెలలూ ఎలా నెట్టుకొచ్చావో నాకు తెలుసు. అంతా ఆవిడ వల్ల. ఒక్క మాట, ఒక్కటంటే ఒక్క మాట మనకి చెప్పి ఉంటే..."

అంత ప్రేమగా మాట్లాడకుండా ఉంటే ఆయన ఇంకో నెల, ఇంకో ఏడాది ఊరుకునేవాడేమో. కాలరు మీద ఆ చెయ్యి ఉండగా ఆ మాట వినడం ఆయనవల్ల కాలేదు. జేబులోంచి మడత తీసి బల్ల మీద పెట్టాడు.

"చెప్పిందమ్మా."

ఆమె విప్పింది. తల్లి చేతిరాత గుర్తుపట్టింది. తరవాత ఆమె కళ్ళు ఎర్ర సున్నాల మీదికి, అక్కణ్ణుంచి అడుగున సంతకం మీదికి వెళ్ళాయి.

"ఇదేంటి నాన్నా? అమ్మ ఉత్తరం మీద నీ టిక్కేంటి?"

చదువరి చెప్పాడు. నీళ్ళు నమల్లేదు. కట్ట సంగతి, తను దిద్దిన సంగతి, పొద్దున్నే గుమ్మంలో ఆవిడ అడిగిన ప్రశ్న, తనిచ్చిన జవాబు, బీరువా. వరసగా, ఒక్కటీ వదలకుండా చెప్పాడు. చెబుతున్నంతసేపూ బల్ల మీద మరక ఒకదాన్ని గోటితో గీకుతూ ఉన్నాడు. అంతా అయ్యాక కూతురు కాగితాన్ని చదవకుండానే ఆయన వైపు తోసింది.

"చదువు."

"నువ్వే చదువుకో తల్లీ."

"నాకు కాదు, నీకు రాసింది. పైకి చదువు. నేను వింటాను."

చదువరి కళ్ళజోడు పెట్టుకున్నాడు. నోరు తన దారిన తను పని మొదలుపెట్టింది.

"ఏమండీ, కామా, నోటితో చెబితే మీరు..."

"కామాలు చదవకు నాన్నా!" ఆమె అరిచింది.

ఆయన ఆగాడు. మాట మాటా పట్టుకుంటూ, చదువు కొత్తగా నేర్చుకునే పిల్లాడిలా మళ్ళీ మొదలుపెట్టాడు.

"ఏమండీ, నోటితో చెబితే మీరు ఊఁ అంటారు. అది విన్న ఊఁనో వినని ఊఁనో నాకు ఇన్నేళ్ళైనా తెలియలేదు. కాగితం మీద ఉంటే మాత్రం ఒక్క అక్షరం వదలరు. అందుకని మీ కట్టలో పైనే పెడుతున్నాను. నవ్వుకోకండి.

"ఎడమ చంక కింద గడ్డ తగులుతోంది. రెండు నెలలైంది. మొదట బఠాణీ గింజంత ఉండేది, ఇప్పుడు అంతకి మించింది. నొప్పి లేదు. నొప్పి లేకపోతేనే చూపించుకోవాలంది డాక్టరమ్మ. గురువారం పొద్దున్న రమ్మంది. సూది పెట్టి ముక్క తీసి పరీక్షకి పంపుతారట."

'పరీక్ష'లో దీర్ఘం ఎర్ర సిరాతో ఉంది. ఆయన వేలు దాని మీద ఒక్క క్షణం ఆగింది.

"నాకు భయంగా ఉంది."

ఆ మాట చుట్టూ కూడా ఎర్ర సున్నా ఉంది. ఆవిడ ఒత్తు వదిలేసి 'బయం' అని రాస్తే ఆయన ఒత్తు పెట్టాడు. ఆ వరస దగ్గర ఆగిపోయాడు. ఆవిడ చేతిలో డబ్బాతో గుమ్మంలో నిలబడ్డ తీరు, ఏదో ఒకటి అంటాడేమోనని ఎదురుచూసిన ఆ మొహం, పదిహేను నెలలు ఆలస్యంగా ఇప్పుడు కనిపించింది. కూతురు నీళ్ళు ఇవ్వలేదు, చాలు ఊరుకో అనలేదు. వింటాను అంది కాబట్టి ఎదురుగా కూర్చుని ఎదురుచూసింది. కాసేపటికి ఆయనే మిగతాది చదివాడు.

"ఇలా రాయడానికి సిగ్గేస్తోంది కానీ ఉన్నమాట. ఆస్పత్రి కుర్చీల్లో ఒక్కదాన్నే కూర్చోలేను. మీరు రండి. మీరేం చెయ్యక్కర్లేదు, మాట్లాడక్కర్లేదు, పక్కన కూర్చుంటే చాలు. ఒక్క పూట ఆఫీసు మానెయ్యండి. మధ్యాహ్నానికి వెళ్ళిపోదురుగాని.

"పిల్లకి ఇప్పుడే చెప్పకండి. ఏ సంగతో తెలిశాక మనిద్దరం కలిసి చెబుదాం. నేనొక్కదాన్నే చెబితే ఏడుపొచ్చేస్తుంది, అది హడలిపోతుంది. మీరు పక్కనుంటే ఏడవను.

"రేపు వెళ్ళేలోపు ఏదో ఒకటి చెప్పండి. కుదరదన్నా సరే."

అయిపోయింది. చదువరి కాగితం కింద పెట్టాడు. కూతురు రెండు చేతులతో మొహం కప్పుకుంది. ఐదు నెలలుగా రాని ఏడుపు ఇప్పుడు వచ్చింది. "కలిసి చెబుదాం అంది. నాకు చెబుదామనే అనుకుంది. నేనేమో ఊరందరి ముందూ అమ్మని మొండిది, మొండిది అని... పోయేముందు కూడా మంచం పక్కన కూర్చుని నీకు మేం అక్కర్లేదా అని నిలదీశాను నాన్నా. అప్పుడైనా చెప్పొచ్చుగా. నీ మీద ఒక్క మాట చెప్పకుండా అలాగే పడుకుంది." ఆమె వెక్కుతుంటే బల్ల కదిలింది. చదువరి లేచి దగ్గరికి వెళ్ళబోయాడు. ఆమె తల ఎత్తకుండానే చెయ్యి అడ్డం పెట్టింది. ఆయన మళ్ళీ కూర్చున్నాడు.

చాలాసేపటికి ఏడుపు ఆగింది. ఆమె చేత్తోనే కళ్ళు తుడుచుకుని, కాగితాన్ని తన వైపు లాక్కుని, మడత మీద మడత పెట్టసాగింది. చదువరే మాట్లాడాడు.

"నన్ను తిట్టమ్మా. ఏమన్నా పడతాను. ఇంక ఆ బల్ల ముందు కూర్చోలేక, ఆ చదువు చదవలేక, అందుకే మానేశాను. మీ అమ్మ కోసమే మానేశాను. ఇంక జన్మలో ఆ మెట్లెక్కను."

ఆమె తలెత్తి చూసింది. ఆ చూపులో కోపం లేదు. కోపమే ఉంటే బాగుండుననిపించింది ఆయనకి.

"జన్మంతా మానెయ్యమని అమ్మ అడగలేదుగా నాన్నా," అంది. "ఒక్క పూట మానెయ్యమంది."